క్రోమోజోములను గీసి జన్యుశాస్త్ర సమస్యలు సాధించడం ఎలా?

ఇంటర్ మొదటి సంవత్సరంలో క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన) చదివిన విద్యార్థులు, రెండో సంవత్సరంలో మెండెల్ సూత్రాలకు వచ్చేసరికి ఆ పాఠాన్ని పక్కన పెట్టేసి, 3:1, 9:3:3:1 అనే నిష్పత్తులను విడిగా బట్టీ పడతారు. ప్రశ్న కొంచెం మారగానే ఆ బట్టీ పనికిరాకుండా పోతుంది. నిజానికి ఈ రెండు పాఠాలూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చెబుతాయి. మెండెల్ 1866లో తన వ్యాసం ప్రచురించినప్పుడు ఆయన చేతిలో బఠాణీ గింజల లెక్కలు తప్ప క్రోమోజోముల సమాచారం ఏదీ లేదు. మిడత కణాల్లో క్షయకరణ విభజనను పరిశీలించిన సట్టన్, సముద్రపు అర్చిన్ల పిండాలపై పనిచేసిన బొవెరి 1902–03 ప్రాంతంలో మెండెల్ కారకాలూ (ఇప్పటి మాటలో జన్యువులు) క్రోమోజోములూ ఒకే తీరులో నడుచుకుంటున్నాయని గుర్తించారు. కాబట్టి సమస్యకు జవాబు వెతికే ముందు క్రోమోజోములను గీయడమే సరైన మార్గం.

రెండు రంగుల కలాలు తీసుకోండి. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములకు ఒక రంగు, తండ్రి నుంచి వచ్చిన వాటికి మరో రంగు వాడండి. బఠాణీలో ఏడు జతలు, అంటే 14 క్రోమోజోములు ఉన్నా, సాధారణ సమస్యలకు ఒక పొడవైన జత, ఒక పొట్టి జత గీస్తే చాలు. లెక్కించేటప్పుడు సెంట్రోమియర్లను (క్రోమోజోముపై నొక్కులా కనిపించే బిందువులను) లెక్కించండి. ఎన్ని సెంట్రోమియర్లుంటే అన్ని క్రోమోజోములు. డీఎన్‌ఏ రెట్టింపయిన తరవాత కూడా బఠాణీ కణంలో ఉండేవి 14 క్రోమోజోములే. మారేది క్రోమాటిడ్ల (రెట్టింపయిన క్రోమోజోములోని ఒకేలాంటి రెండు పోగుల) సంఖ్య, అవి 28 అవుతాయి. మొదటి విభజన ముగిశాక ఒక్కో కణంలో 7 క్రోమోజోములు, 14 క్రోమాటిడ్లు ఉంటాయి. రెండో విభజన ముగిశాక 7 క్రోమోజోములు, ఒక్కోదానిలో ఒకే డీఎన్‌ఏ పోగు మిగులుతాయి. సంఖ్య సగం కావడం మొదటి విభజనలోనే జరుగుతుందన్నది ఇక్కడ తప్పక గుర్తుంచుకోవలసిన మాట. రెండో విభజన పద్ధతిలో సమవిభజనను (శరీర కణాల మామూలు విభజనను) పోలి ఉంటుంది.

ఇప్పుడు జన్యువులకు గుర్తులు పెట్టండి. పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాలు వాడతారు; చేతిరాతలో ఒకే ఆకారంలో కనిపించే అక్షరాలను ఎంచుకుంటే సగం దారిలోనే లెక్క తారుమారవుతుంది. ఇక్కడ గుండ్రని గింజకు ‘గు’, ముడతల గింజకు ‘ము’, పసుపు రంగుకు ‘ప’, ఆకుపచ్చకు ‘ఆ’ అని రాసుకుందాం. గుండ్రని ఆకారం, పసుపు రంగు బహిర్గత లక్షణాలు, అంటే జన్యువు ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించేవి.

మొదట ఏకసంకర సంకరణం, అంటే ఒకే లక్షణాన్ని గమనించేది. విషమయుగ్మజ (జన్యువుకు రెండు వేర్వేరు రూపాలున్న) మొక్క గుము కణంలో పొడవైన జత గీసి, ఒక క్రోమోజోముపై రెండు క్రోమాటిడ్లలోనూ ‘గు’, దాని సమజాత (జతలోని రెండో) క్రోమోజోముపై రెండింటిలోనూ ‘ము’ రాయండి. మొదటి చలనదశలో (మొదటి విభజనలో క్రోమోజోములు ధ్రువాల వైపు కదిలే దశలో) సమజాత క్రోమోజోములు విడిపోతాయి, రెండో చలనదశలో క్రోమాటిడ్లు విడిపోతాయి. చివరికి నాలుగు కణాల్లో రెండింటికి ‘గు’, రెండింటికి ‘ము’ దక్కుతాయి. పృథక్కరణ సూత్రం ఇంతే. (జన్యువుకూ సెంట్రోమియర్‌కూ మధ్య వినిమయం (సమజాత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరిగితే యుగ్మవికల్పాలు (ఒకే జన్యువు వేర్వేరు రూపాలు) రెండో చలనదశలో విడిపోతాయి, అయినా చివరి లెక్క రెండూ రెండే.) సగం సంయోగబీజాలు (ఫలదీకరణలో కలిసే కణాలు; ఇకపై బీజాలు) ‘గు’, సగం ‘ము’ కాబట్టి స్వపరాగసంపర్కంలో గుగు 1/4, గుము 1/2, ముము 1/4 వస్తాయి. మెండెల్ లెక్కించిన 7324 గింజల్లో 5474 గుండ్రనివి, 1850 ముడతలవి. 7324లో నాలుగో వంతు 1831 కనుక తేడా స్వల్పం. ఫలదీకరణలో ఏ బీజం ఏ బీజంతో కలుస్తుందన్నది యాదృచ్ఛికం కాబట్టి లెక్క అచ్చంగా సరిపోవాలని ఆశించకూడదు.

బహిర్గతత్వం గురించి ఒక హెచ్చరిక. ‘గు’ వచ్చి ‘ము’ను అణిచివేస్తుందని చాలామంది ఊహిస్తారు, అది సరికాదు. ముడతల గింజలో పిండిపదార్థపు అణువులకు శాఖలు ఏర్పరిచే ఒక ఎంజైమ్ పనిచేయదు; చక్కెర ఎక్కువగా మిగిలి, గింజ నీటిని ఎక్కువగా పట్టి, ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక మంచి ప్రతి ఉన్నా గింజ గుండ్రంగా ఉండటానికి సరిపడా ఎంజైమ్ తయారవుతుంది. అయితే సూక్ష్మదర్శినిలో పిండి రేణువులను చూస్తే గుము గింజలో వాటి పరిమాణం మధ్యస్థంగా ఉంటుంది. అంటే బహిర్గతత్వం మనం ఏ స్థాయిలో చూస్తున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

రెండు లక్షణాలను కలిపి గమనించే ద్విసంకర సంకరణంలో పొరపాట్లు ఎక్కువ. గుము పఆ మొక్కలో ఆకార జన్యువు, రంగు జన్యువు వేర్వేరు క్రోమోజోములపై ఉన్నాయి. మొదటి మధ్యస్థదశను (క్రోమోజోమ్ జతలు కణం మధ్యలో వరుస కట్టే దశను) రెండు విడి బొమ్మలుగా గీయండి. ఒక బొమ్మలో ‘గు’, ‘ప’ కణంలో ఒకే ధ్రువం (కొన) వైపు ఉంటాయి. రెండో బొమ్మలో ‘గు’తో పాటు ‘ఆ’ ఉంటుంది. ఈ రెండు అమరికలకూ అవకాశం సమానం. మొదటి అమరిక నుంచి గుప, ముఆ బీజాలు, రెండో అమరిక నుంచి గుఆ, ముప బీజాలు వస్తాయి. వినిమయాన్ని పక్కనపెడితే ఏ ఒక్క కణమూ నాలుగు రకాల బీజాలనూ ఇవ్వదు. అనేక మాతృకణాల నుంచి వచ్చిన బీజాలను కలిపి చూసినప్పుడే నాలుగు రకాలూ సమాన భాగాలుగా కనిపిస్తాయి. ‘ఒక కణం ఎన్ని రకాల బీజాలను ఇస్తుంది?’, ‘ఒక మొక్క ఎన్ని రకాల బీజాలను ఇస్తుంది?’ అనే రెండు ప్రశ్నలకు జవాబులు వేరు కావడానికి కారణం ఇదే.

జవాబు కోసం పన్నెట్ పద్ధతిలో (ఇరువైపుల బీజాలనూ పట్టికలో జతచేసే పద్ధతిలో) పదహారు గళ్ళు నింపవలసిన అవసరం లేదు. రెండు జతలూ స్వతంత్రంగా విడిపోతాయి కాబట్టి సంభావ్యతలను గుణిస్తే చాలు: గుండ్రని ఆకారం 3/4, పసుపు 3/4, రెండూ కలిసి 9/16. మెండెల్‌కు దక్కిన 556 గింజల్లో గుండ్రని పసుపువి 315, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడతల పసుపువి 101, ముడతల ఆకుపచ్చవి 32. 556ను 16తో భాగించి 9, 3, 3, 1తో గుణించి ఈ అంకెలతో పోల్చి చూడండి.

రెండు జన్యువులూ ఒకే క్రోమోజోముపై ఉంటే ఇలా గుణించడం తప్పు. అప్పుడు రెండింటినీ ఒకే గీతపై రాసి, పాకిటీన్ దశలో (మొదటి విభజన ఆరంభంలో సమజాత క్రోమోజోములు జతకూడి ఉన్నప్పుడు) సోదర క్రోమాటిడ్లు కాని రెండింటి మధ్య వినిమయం జరిగినట్టు గీయండి. నాలుగు క్రోమాటిడ్లలో రెండే మారతాయి, రెండు జనక రకంగానే మిగులుతాయి. అందుకే రెండు జన్యువులు ఎంత దూరంగా ఉన్నా పునఃసంయోజకాలు (జనకుల్లో లేని కొత్త కలయికలు) 50 శాతం దాటవు. జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ ప్రయోగశాలలో పండు ఈగలపై చేసిన సంకరణాల్లో పసుపు శరీరం, తెల్ల కళ్ళ జన్యువుల మధ్య పునఃసంయోజకాలు 1.3 శాతం, తెల్ల కళ్ళు, చిన్న రెక్కల జన్యువుల మధ్య 37.2 శాతం వచ్చాయి. శాతం ఎంత తక్కువైతే జన్యువులు అంత దగ్గరగా ఉన్నట్టు లెక్కగట్టి, ఆయన విద్యార్థి స్టర్టివాంట్ 1913లో తొలి క్రోమోజోమ్ పటం గీశాడు. పరీక్షా సంకరణంలో (బహిర్గతం కాని రూపాలే ఉన్న జీవితో చేసే సంకరణంలో) నాలుగు రకాల సంతానం సమానంగా కాక రెండు రకాలు ఎక్కువగా, రెండు తక్కువగా కనిపిస్తే సహలగ్నతను (రెండు జన్యువులూ ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉండటాన్ని) అనుమానించండి.

లింగ సహలగ్న సమస్యల్లో యుగ్మవికల్పాలను ఎక్స్ క్రోమోజోమ్‌పైనే రాసి, వై క్రోమోజోమ్‌ను ఖాళీగా వదలండి. తండ్రి ఎక్స్ కూతుళ్ళందరికీ, వై కొడుకులందరికీ చేరుతుందన్న ఒక్క మాటతో చాలా వంశవృక్షాలు తేలిపోతాయి. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్‌కు హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి) ఉండేది. అతడి కొడుకు చార్లెస్ ఎడ్వర్డ్‌కు ఆ వ్యాధి రాలేదు, తండ్రి నుంచి రావడానికి వీలూ లేదు. లియోపోల్డ్ కూతురు ఆలిస్ మాత్రం వాహకురాలు (వ్యాధి బయటపడకుండా జన్యువును మోసేది) కాక తప్పదు. ఆలిస్ కొడుకు రూపర్ట్‌కు హీమోఫిలియా వచ్చింది.

ఇలాంటి వంశవృక్షం నుంచి లెక్క అడిగితే ప్రశ్నలోని మాటను గమనించండి. ఆలిస్‌కు పుట్టే కూతురు వాహకురాలయ్యే సంభావ్యత 1/2. ఆ కూతురు వాహకురాలో కాదో తెలియకుండా, వ్యాధి లేని పురుషుడితో ఆమెకు పుట్టే కొడుకుకు వ్యాధి వచ్చే సంభావ్యత అడిగితే జవాబు 1/2 × 1/2 = 1/4. ప్రశ్నలో ‘కొడుకు’ అని కాకుండా ‘బిడ్డ’ అని ఉంటే, మగబిడ్డ పుట్టే సంభావ్యతను కూడా గుణించాలి; అప్పుడు జవాబు 1/8.