నీటిలో కొట్టుకొచ్చిన కర్రను అలంకరణకు సిద్ధం చేయడం

ముందు మేకుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే లోపల పుచ్చినట్టే, వదిలేయండి. గట్టి బ్రష్‌తో ఇసుక, నాచు రాల్చి మంచినీళ్లలో మునిగేలా నానబెట్టండి. సముద్రపు కర్రయితే వారం పాటు రోజూ నీళ్లు మార్చాలి; మిగిలిన ఉప్పు తేమను లాగి పైపూతను లేపేస్తుంది.

బూజుకు 10 లీటర్ల నీటిలో కప్పు బ్లీచ్ కలిపి ఒకరోజు ఉంచి, వాసన పోయేదాకా కడగండి. అందులో వెనిగర్ కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

ఎక్కువ కర్రలు పాడయ్యేది ఆరబెట్టేటప్పుడే. ఎండలో పైభాగం ముందే ముడుచుకుని పగుళ్లిస్తుంది. నీడలో, గాలాడేచోట ఉంచి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

తర్వాత 120, 220 నంబరు గరుకు కాగితాలతో రుద్ది (బూడిదరంగు ఉండాలంటే రుద్దకండి), మాట్ (మెరుపులేని) వార్నిష్ రెండు పల్చటి పూతలు వేయండి. వార్నిష్‌కు బదులు అవిసెనూనె రాస్తే, రాసిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, వాటికి దానంతటదే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.