‘మీరిక్కడే కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తాం’ అనకండి: అమ్మానాన్నలతో క్రూయిజ్‌కి వెళ్తుంటే జాగ్రత్తలు

2025 అక్టోబరు 25న ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గరున్న లిజర్డ్ ఐలాండ్‌లో ‘కోరల్ అడ్వెంచరర్’ అనే షిప్ ఆగింది. 60 రోజుల యాత్రలో అది మొదటి మజిలీ. దిగినవాళ్లలో 80 ఏళ్ల పెద్దావిడ ఒకరు. అందరితో కలిసి కొండ ఎక్కడం మొదలుపెట్టి, మధ్యలో ఓపిక చాలక ఒక్కరే వెనక్కి బయల్దేరారు. షిప్ ఆవిడ లేకుండానే వెళ్లిపోయింది. కొన్ని గంటల తర్వాత గమనించి వెనక్కి తిప్పారు గానీ, మర్నాడు ఆ దీవిలో ఆవిడ మృతదేహమే దొరికింది.

ఎండకు ఒంట్లో బాగోలేక తిరిగొస్తుంటే తోడు పంపలేదని కుమార్తె ఆరోపించారు. మనుషుల్ని లెక్కపెట్టకుండా షిప్ ఎలా కదిలిందని అందరూ అడిగారు. అడగాల్సిందే. కానీ అంతకుముందు జరిగినదాన్ని కూడా చూడండి. సగం దారిలో ఒక మనిషి గుంపు నుంచి విడిపోయి ఒంటరైపోయారు. మన కుటుంబాల్లో ఈ పని ప్రతి పోర్టులోనూ చేస్తారు, అదీ చాలా ప్రేమగా: “నాన్నా, మీరిక్కడే కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తాం.”

థ్యాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా టెక్సస్‌లోని గాల్వెస్టన్ పోర్టు నుంచి మెక్సికోకి బయల్దేరే షిప్పుల్లో ఏ డెక్ మీదకు వెళ్లినా తెలుగు వినిపిస్తుంది. డాలస్, హ్యూస్టన్ వాళ్లు కారేసుకుని వెళ్లి ఎక్కేయొచ్చు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. టోపీ, నీళ్ల సీసా, సన్‌స్క్రీన్ గురించి చెప్పను, అవి మీకు తెలుసు.

దిగాలా వద్దా అన్నది షిప్‌లోనే తేలాలి

“ఇంత డబ్బు కట్టాం, దిగకుండా గదిలో కూర్చోవడానికా వచ్చింది?” అనే మాట దగ్గరే మొదలవుతుంది ఇదంతా. మోకాళ్ల నొప్పులున్న అమ్మని, షుగర్ ఉన్న నాన్నని బలవంతంగా దించుతారు. వాళ్లు కూడా పిల్లల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక “పర్లేదులే” అంటారు. అరగంట నడిచాక ఇక నడవలేరు. అప్పుడు నీడ ఉన్న బెంచీ ఒకటి వెతికి, కూర్చోబెట్టి, మిగతావాళ్లు ముందుకు వెళ్తారు.

ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. ఫోన్‌లో రోమింగ్ ఉండదు. పాస్‌పోర్టు కూతురి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. స్పానిష్ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. గంటలో నీడ జరిగిపోతుంది, బాత్రూమ్ అవసరం పడుతుంది. లేవకుండా ఎంతసేపని ఉంటారు?

మెక్సికోలోని కోజుమెల్ దీవిలో మా గ్రూపులోనే జరిగింది. ఓ పెద్దాయన్ని షాపుల దగ్గర కూర్చోబెట్టి కొడుకూ కోడలూ పిల్లలూ స్నార్కెలింగ్‌కి వెళ్లారు. ఎండ మీద పడేసరికి ఆయన లేచి షిప్ వైపు నడిచారు. పీర్‌కి (షిప్పులు కట్టే, సముద్రంలోకి వెళ్లే వంతెన) అటొకటి ఇటొకటి రెండు షిప్పులున్నాయి, రెండూ తెల్లవే. వేరే షిప్ లైన్‌లో నిలబడ్డారు. షిప్ వాళ్లిచ్చిన కార్డు స్కాన్ చేస్తే ఎర్ర లైటు. మళ్లీ పెట్టారు, మళ్లీ ఎర్ర లైటు. గార్డు చెయ్యి పట్టుకుని రెండో వైపు చూపించాక సరైన షిప్ ఎక్కి, క్యాబిన్‌లోకి వెళ్లి పడుకున్నారు. ఇక్కడ కొడుకు బెంచీ ఖాళీగా ఉండటం చూసి, షాపు షాపూ తిరుగుతూ “తెల్ల చొక్కా, మెడలో కార్డు” అని కనిపించినవాళ్లందరినీ అడుగుతున్నాడు. గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే మెట్ల వంతెన) తీసేసే ముందు ఎవరో లాక్కొచ్చి ఎక్కించారు. ఆరోజు తప్పిపోయింది పెద్దాయన. షిప్ తప్పబోయింది మాత్రం కొడుకు.

కాబట్టి ఇది గట్టిగా పట్టుకోండి: ఎవరు దిగుతారు, ఎవరు దిగరు అన్నది ముందురోజు రాత్రే, మనిషి మనిషికీ విడివిడిగా తేల్చండి. కుటుంబం మొత్తానికి కలిపి ఒకే నిర్ణయం వద్దు. దిగలేనివాళ్లు షిప్‌లో ఉండాలి, పోర్టులో బెంచీ మీద కాదు. దిగాక ఓపిక అయిపోతే ఒకరు వెంట వెళ్లి దింపి రావాలి. గేటు దాకా కాదు, షిప్ తలుపు దగ్గర కార్డు స్కాన్ అయ్యే దాకా.

షిప్ పీర్‌కి కట్టి ఉంటే, ఎక్కాల్సిన ఆఖరి టైమ్ దాకా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు, దిగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, ఒకసారి దిగితే సాయంత్రం దాకా బయటే ఉండాలనుకుంటారు. దిగడమంటే ఊరంతా తిరగడమూ కాదు. పీర్ చివర ఫొటో దిగి, ఓ కొబ్బరిబోండం తాగి, ముప్పావుగంటలో వచ్చేయొచ్చు. ఇక షిప్‌లో ఉండిపోయినవాళ్లకు డబ్బు దండగేం కాదు. పోర్టు రోజు కేసినో, షాపులు మూసేస్తారు గానీ బఫే, మెడికల్ సెంటర్ ఉంటాయి, కొలను దగ్గర కుర్చీ వెతుక్కోనక్కర్లేదు. మా పెద్దవాళ్లలో చాలామంది ట్రిప్ మొత్తంలో బాగా ఇష్టపడింది ఆ రోజునే.

ఏ పోర్టులో ఏం చేయొచ్చు

ఈ షిప్పులు ఆగే మెక్సికో పోర్టులకు ఇది నా లెక్క, మీది వేరేగా ఉండొచ్చు. కోజుమెల్‌లో దిగండి. కోస్టా మాయాలో పోర్టు ఆవరణలోనే కొలను, నీడ, కుర్చీలు అన్నీ ఉంటాయి, పెద్దవాళ్లకు అది చాలు. ప్రోగ్రెసోలో పీర్ దాదాపు ఆరున్నర కిలోమీటర్లు. ఊళ్లోకి బస్సులో తీసుకెళ్తారు, బస్సు ఎక్కలేనివాళ్లు షిప్‌లో ఉండటం మేలు.

అసలు గొడవంతా చిచెన్ ఇట్జాతో, అంటే మాయాల కాలం నాటి పెద్ద పిరమిడ్ ఉన్న చోటుతో. ప్రోగ్రెసో నుంచి రోడ్డు మీద పోనూ రానూ చెరో రెండు గంటలు. కోజుమెల్ నుంచయితే ముందు ఫెర్రీలో ముప్పావుగంట ప్లాయా దెల్ కార్మెన్‌కి, అక్కడి నుంచి రెండు గంటలకు పైగా రోడ్డు. కోజుమెల్ దీవి అని మర్చిపోతారు. చలికాలంలో ఉత్తరపు గాలులు లేచినప్పుడు ఫెర్రీలు ఆపేస్తారు. షిప్ దీవి దగ్గర, మీరు ఇవతలి ఒడ్డున! ఇంత కష్టపడి వెళ్లినా ఆ పిరమిడ్ ఎక్కనివ్వరు, ఎండలో చుట్టూ తిరిగి రావడమే. పెద్దవాళ్లతో సొంతంగా వెళ్లొద్దు. తప్పదంటే షిప్ వాళ్లు అమ్మే టూర్‌లోనే వెళ్లండి. అది లేటైతే షిప్ ఆగుతుంది, లేదా తర్వాతి పోర్టుకు మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్లది. బయట ప్రైవేటు టూర్ తీసుకుంటే ఆ బాధ్యత మీదే. 2024 మార్చిలో ఆఫ్రికాలోని సావో టోమేలో ఎనిమిది మంది సొంత టూర్‌లో ఆలస్యమయ్యారు. కోస్ట్‌గార్డ్ బోటులో షిప్ పక్కకు తీసుకెళ్లినా ‘నార్వేజియన్ డాన్’ ఎక్కించుకోలేదు. తర్వాత గాంబియాలో ఎక్కుదామని వెళ్తే, అక్కడ ఆటుపోట్ల వల్ల షిప్ ఆగలేకపోయింది. చివరికి సెనెగల్‌లో ఎక్కారు.

గడియారం

ఫోన్ టైమ్ నమ్మకండి. కోజుమెల్, కోస్టా మాయా ఏడాదంతా ఒకటే టైమ్‌లో ఉంటాయి, ప్రోగ్రెసో ఏడాదంతా ఇంకో టైమ్‌లో ఉంటుంది. అమెరికాలో మాత్రం ఎండాకాలం గడియారం ముందుకు జరుపుతారు. ఆ నెలల్లో ప్రోగ్రెసోలో ఫోన్ 4 చూపిస్తుంటే టెక్సస్‌లో 5. షిప్ టెక్సస్ టైమ్‌లోనే నడుస్తుంటే మీరు గంట వెనకపడ్డట్టే. ఫ్లోరిడా నుంచి వెళ్లేవాళ్లకు వేసవిలో కోజుమెల్‌లో ఇదే తేడా. చలికాలంలో గాల్వెస్టన్ వాళ్లకు కోజుమెల్ గంట ముందుంటుంది, దానివల్ల నష్టం లేదు, తొందరగా వచ్చేస్తారంతే. షిప్ తన గడియారాన్ని మార్చుకుంటుందో లేదో ముందుగా అనుకోవద్దు, దిగేటప్పుడు అడగండి. చేతికి మామూలు వాచీ పెట్టుకుని షిప్ టైమ్ పెట్టండి.

ఇక మిగతావి:

పెద్దవాళ్ల జేబులో ఓ కాగితం ఉండాలి. షిప్ పేరు, పీర్ పేరు, షిప్ ఎక్కాల్సిన ఆఖరి టైమ్, పోర్ట్ ఏజెంట్ (ఆ పోర్టులో షిప్ కంపెనీ తరఫు మనిషి) నంబరు, మీ నంబరు. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

కోజుమెల్‌లో పీర్లు మూడు. టాక్సీవాడికి “క్రూయిజ్ షిప్” అంటే చాలదు. పుంటా లాంగోస్టానా, ఇంటర్నేషనలా, పుయెర్టా మాయానా, పేరు చెప్పండి.

పాస్‌పోర్టు, వీసా పేజీ కాపీలు ఎవరివి వాళ్ల దగ్గర. అందరివీ ఒకే బ్యాగులో వద్దు.

మందులు క్యాబిన్‌లో వదిలి దిగొద్దు. రాత్రి వేసుకోవాల్సినవి కూడా వెంట ఉండాలి.

పులిహోర, పళ్లు, బఫేలో మూటకట్టుకున్న ఇడ్లీ, ఏవీ దించొద్దు. గేటు దగ్గర పట్టుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్ చాలు.

షిప్ పీర్‌కి కట్టకుండా సముద్రంలోనే ఆగి చిన్న బోట్లలో దింపుతున్నారా? మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు దిగొద్దు. అల వచ్చినప్పుడు బోటూ షిప్పూ ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది, ఆ సందులో అడుగేయాలి. దిగేవాళ్లు ఆఖరి బోటు కోసం ఆగొద్దు.

షిప్ ఎక్కాల్సిన ఆఖరి టైమ్‌కి గంటన్నర ముందు పీర్ దగ్గర ఉండండి. అరగంట కాదు.

మనవళ్లని చూసుకోమని పెద్దవాళ్లకు అప్పగించి మీరు బీచ్‌లోకి వెళ్లకండి. ఇద్దరు నిస్సహాయుల్ని కలిపి కూర్చోబెడితే ఒకరికొకరు తోడు కారు.

బెంచీ మీద వదలొద్దు. కాఫీ షాపులో వదలొద్దు. “పక్కనే తెలుగువాళ్లున్నారుగా” అని వాళ్ల దగ్గరా వదలొద్దు, వాళ్ల షిప్ వేరే కావచ్చు.

అందరూ ఎక్కాక ముందు పెద్దవాళ్ల క్యాబిన్ తలుపు తట్టి కళ్లతో చూడండి, బఫేకి వెళ్లడం ఆ తర్వాతే. లోపల లేరా? వెతకడానికి పరుగెత్తి దిగకండి. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి, క్యాబిన్ నంబరు చెప్పి, వాళ్ల కార్డు లోపలికి స్కాన్ అయిందో లేదో అడగండి. నిమిషంలో చెప్తారు. కాలేదంటే అక్కడే నిలబడి, షిప్ కదలకముందే సెక్యూరిటీని పిలవమనండి.