పాత మిక్స్‌ని మళ్లీ తెరిస్తే ముందు ఈ పని చేయండి

2014లో విశాఖ మద్దిలపాలెం గదిలో మిక్స్ చేసిన (గొంతు, వాద్యాల ట్రాక్‌లను కలిపి కూర్చిన) పాటను మొన్న మళ్లీ తెరిచాను. ఇలాంటప్పుడు వచ్చే చిక్కు ఒకటే: కొత్తగా ఎంత బాగా చేసినా, పాతది గట్టిగా వినిపించి అదే బాగున్నట్టు అనిపిస్తుంది.

ముందు ప్రాజెక్ట్‌ని వేరే పేరుతో సేవ్ చేయండి, అసలుదాన్ని ముట్టుకోవద్దు. కాపీలో ప్లగిన్లన్నీ (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) బైపాస్ చేసి, అంటే పనిచేయకుండా ఆపి, ఫేడర్లు (ఒక్కో ట్రాక్ వాల్యూమ్ మీటలు) కిందికి దించేయండి. గొంతుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి తెండి. గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కంటే కిందుండే లోతు శబ్దాలను కోసేసరికి, రికార్డింగ్‌లో చేరిన హైవే మీది లారీల గుర్రు చాలావరకు పోయింది. తబలా డగ్గాకు (ఎడమ చేత్తో వాయించేదానికి) మాత్రం ఆ కోత వద్దు, నిండుదనమంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు పాత మిక్స్ ఫైల్‌ని పక్క ట్రాక్‌లో పెట్టి లౌడ్‌నెస్ మీటర్ చూడండి. నా పాతది మైనస్ 9 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనపు కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ గట్టి), కొత్తది మైనస్ 15. పాతదాన్ని 6 డీబీ తగ్గించి వింటే అసలు తేడా అప్పుడు తెలిసింది: పాతదాంట్లో పల్లవి దగ్గర గొంతు డ్రమ్స్ కింద నలిగిపోయింది. పాత మిక్స్ పెట్టిన ట్రాక్‌ని మాస్టర్ ప్లగిన్ల (మొత్తం పాట మీద పెట్టేవాటి) గుండా పోకుండా నేరుగా అవుట్‌పుట్‌కి ఇవ్వండి, లేకపోతే పోలిక తప్పుతుంది.

రికార్డింగ్‌లోనే రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటి మోత) కలిసిపోయి ఉంటే ఇవేవీ దాన్ని తీసేయలేవు. ఆ గొంతు మళ్లీ పాడించుకోవడమే మేలు.