బిలియన్ అంటే ఎన్ని కోట్లు?

పత్రిక డెస్కులో చేరిన కొత్తలో బిలియన్‌ని పది కోట్లని రాసేశాను. రాత్రి పదకొండింటికి మా చీఫ్ సబ్ ఎడిటర్ ప్రూఫు మీద ఎర్ర పెన్నుతో ఇంకో సున్నా చేర్చి, నాకేసి ఒక చూపు చూశారు. అప్పట్నుంచి నాది ఒకటే లెక్క: బిలియన్ కనిపిస్తే వందతో హెచ్చవేసి పక్కన కోట్లు పెట్టేయడం. 2.5 బిలియన్లంటే 250 కోట్లు. మిలియన్ తేలికే, పది లక్షలు.

పాత బ్రిటిష్ పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. అక్కడ బిలియన్ అంటే లక్ష కోట్లు! బ్రిటన్ ప్రభుత్వం 1974లో గానీ వంద కోట్ల అమెరికా లెక్కకు మారలేదు.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు, ముందు అంకె ఉంటే ‘టూ బిలియన్ పీపుల్’, చివర ‘ఎస్’ తగిలించకూడదు. అంకె లేకపోతేనే ‘బిలియన్స్ ఆఫ్ పీపుల్’. మనం ‘రెండు వందలు’ అంటాం కదా, ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచేది.