గోపాలపూర్ సముద్రంలో స్నానానికి దిగాలంటే ఎలా?

ఒడిశాలోని మా బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. ఆదివారం వస్తే చాలు, ఇక్కడి తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు సర్దుకుని బీచ్‌కి బయల్దేరతాయి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి చుట్టాలు వచ్చినా మొదట అడిగేది సముద్రం గురించే. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ సముద్రమంటే నాకు ప్రాణం. అందుకే అందులోకి ఎలా దిగాలో చెప్పకుండా ఇప్పుడు ఎవరినీ వెంట తీసుకెళ్ళను.

నాలుగేళ్ళ కిందట మా మేనల్లుడు, అప్పటికి పదిహేడేళ్ళవాడు, నడుం లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చూసేసరికి ఇరవై గజాలు లోపలికి పోయాడు. అప్పటికీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఊపుతున్నది సరదాకి కాదని నాకు అర్థమయ్యేలోపే, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక నూలియా తాత లారీ ట్యూబు చంకన పెట్టుకుని నీళ్ళలోకి పరుగెత్తాడు. నూలియాలంటే ఒడియావాళ్ళు ఈ తీరంలోని మన తెలుగు మత్స్యకారులను పిలిచే పేరు. గోపాలపూర్‌లోనూ, పూరీలోనూ చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు.

వాణ్ణి బయటికి తెచ్చాక తాత నన్ను పక్కకి పిలిచి అన్నమాట ఇదీ: "కెరటం ఇరగని సోట దిగకండి బాబూ. నీరు ఎనక్కెల్లే దారి అది." ఆ రోజు వరకు నేను పిల్లలకి దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పేవాణ్ణి. ప్రశాంతంగా ఉన్న చోటు చూసుకుని దిగండి అనేవాణ్ణి.

అలాగని నీళ్ళకి దూరంగా ఉండమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మెడలోతు నీళ్ళలో నిలబడితే శరీరం బరువు పదోవంతే ఉన్నట్టు అనిపిస్తుంది. నడుం లోతులో సగం. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేని మా అమ్మ, ప్రశాంతమైన నీళ్ళలో మాత్రం అరగంట హాయిగా నడుస్తుంది. ఈత గుండెకీ ఊపిరితిత్తులకీ మంచి వ్యాయామం, కీళ్ళ మీద భారం పడదు. వారమంతా ఆఫీసు టెన్షన్‌తో బిగుసుకున్న మెడ ఒక్క గంటలో వదులవుతుంది. ఇన్ని లాభాలున్న దాన్ని జాగ్రత్తగా చేసుకుందాం అనే ఇదంతా రాస్తున్నాను.

1. ఏ రోజు, ఏ వేళ దిగాలో చూసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకి ఇక్కడ సముద్రం పోటెత్తి ఉంటుంది. ఆ నాలుగు నెలలు ఒడ్డున కూర్చుని మొక్కజొన్న పొత్తు తినండి, నీళ్ళలోకి వద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. తుఫాను ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా దాని కెరటాలు ముందే వచ్చేస్తాయి. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం రేగిపోయి ఉంటుంది. అందుకని ఆకాశాన్ని కాదు, వాతావరణ శాఖ మత్స్యకారులకి ఇచ్చే హెచ్చరిక చూడండి. వేట నిషేధం లేని రోజున పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయంటే అది కూడా ఒక హెచ్చరికే.

ఉదయం పూట మంచిది. చీకటి పడ్డాక వద్దు. ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి వచ్చేయాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగితే గానీ మళ్ళీ దిగకూడదు.

2. పావుగంట ఒడ్డున కూర్చుని నీళ్ళను చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, మనవాళ్ళు ఎవరూ చేయనిదీ ఇదే. ఆటో దిగీ దిగగానే చెప్పులు విడిచి పరుగెడతారు.

కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీరంతా మళ్ళీ సముద్రంలోకి పోవాలి కదా. నీళ్ళ కింద ఇసుక మేటలు ఉంటాయి. వాటి మధ్య పల్లం ఎక్కడ దొరికితే అక్కడ ఆ నీరంతా కూడుకుని కాలవలా వెనక్కి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. వెడల్పు మహా అయితే కొన్ని పదుల మీటర్లు. వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ళ వేగమూ దాదాపు అంతే. మనం ఎదురీదడం అనే ప్రశ్నే లేదు.

దాన్ని గుర్తుపట్టడం కొంచెం ఎత్తు నుంచి తేలిక. నీళ్ళ అంచున నిలబడకుండా పైన మెట్ల మీదో, గట్టు మీదో కూర్చుని చూడండి. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటాయి. మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా, కాస్త నల్లగా, నున్నగా కనిపిస్తుంది. కొన్నిసార్లు అక్కడ నీరు ఇసుక కలిసి మట్టిరంగులో ఉంటుంది. నురగ, కొబ్బరి పీచు, ఎండుటాకులు ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటాయి. అనుమానంగా ఉంటే ఒక కొబ్బరి చిప్ప విసిరి చూడండి. ఎటు పోతుందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నిన్న ఉన్న చోటే ఈరోజూ ఉంటుందని లేదు, ఇసుక మేటలు కదులుతుంటాయి. పాటు సమయంలో, అంటే నీరు తీసినప్పుడు, ఈ లాగుడు సాధారణంగా ఎక్కువ.

ఆ తర్వాత అక్కడున్న నూలియాల్లో ఒకరిని అడగండి. తెలుగులోనే అడగొచ్చు. "ఈరోజు ఎక్కడ దిగొచ్చు తాతా?" అంటే వేలు పెట్టి చూపిస్తారు. పక్క జిల్లా నుంచి వచ్చిన మనవాళ్ళకి ఒడియా బోర్డులు చదవడం రాదు కాబట్టి ఈ మాట మరీ అవసరం. బోర్డు మీద రాసింది ఎవరినైనా చదివి చెప్పమనండి. "బిపద" అంటే ప్రమాదం. "గాధుఆ మనా" అంటే స్నానం నిషేధం. ఎర్ర జెండా కనిపిస్తే దిగకూడదు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే లైఫ్‌గార్డులు చూస్తున్న చోటు అది, ఆ రెంటి మధ్యే ఉండండి.

3. దిగేటప్పుడు

చీరతో దిగకండి అక్కా. తడిసిన ఆరు గజాల బట్ట కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా లేవలేరు. చున్నీ కూడా అంతే. లెగ్గింగ్, పొట్టి కుర్తా వేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

మోకాలి లోతులో కాసేపు నిలబడి నీటి లాగుడు ఎంతుందో కాళ్ళకి తెలియనివ్వండి. ఈత రానివాళ్ళు అక్కడే ఆగిపోవాలి. ముఖం ఎప్పుడూ సముద్రం వైపే ఉండాలి. ఫోటో కోసం వెనక్కి తిరిగిన క్షణంలోనే పెద్ద కెరటం వస్తుంది, మెడ మీద కొట్టి ఇసుకలో కుక్కేస్తుంది. పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. అమ్మ చూస్తోందని నాన్న, నాన్న చూస్తున్నాడని అమ్మ అనుకోవడం వల్లే పిల్లలు కనిపించకుండా పోతారు. అందుకని పావుగంటకి ఒకరు చొప్పున, ఫోన్ బ్యాగులో పెట్టేసి కాపలా ఉండేలా వంతులు వేసుకోండి.

గాలి నింపిన బాతులు, రింగులు ఆటబొమ్మలే. అవి ప్రాణం కాపాడవు, పైగా గాలికి లోపలికి కొట్టుకుపోతాయి. మందు తాగినవాళ్ళని నీళ్ళ దగ్గరికి రానివ్వకండి. ఆ విషయంలో మొహమాటం వద్దు, బావ అయినా సరే, బాస్ అయినా సరే.

ఆడుతూ ఆడుతూ మీకు తెలియకుండానే పక్కకి జరిగిపోతారు. నైరుతి గాలి ఉన్నప్పుడు ఇక్కడ నీరు ఉత్తరం వైపు, అంటే సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు లాగుతుంది. ఒడ్డున గుర్తుగా ఏదైనా పెట్టుకుని పది నిమిషాలకోసారి దాని ఎదురుగా వచ్చేయండి. మేం లైట్‌హౌస్‌ని గుర్తు పెట్టుకుంటాం.

4. నీరు లోపలికి లాగితే

ఇది పిల్లలకి ఇంట్లోనే, బట్టలు సర్దుకుంటున్నప్పుడే చెప్పండి. నీళ్ళలో చెబితే వినబడదు.

రిప్ కరెంట్ మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. మనిషి మునిగేది ఒడ్డు వైపు ఎదురీది అలిసిపోయి. కాబట్టి మొదటి పని ఎదురీదడం ఆపేయడం. వెల్లకిలా తేలండి, చెవులు నీళ్ళలో మునిగినా పరవాలేదు, ముక్కు పైకి ఉంటే చాలు. ఒక చెయ్యి పైకెత్తి అరవండి. ఇక్కడ "కాపాడండి" అన్నా అర్థమవుతుంది, "బంచాఅ" అన్నా అర్థమవుతుంది. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదండి. లాగుడు తగ్గిందనిపించాక కెరటాలు తెల్లగా విరుగుతున్న వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకి రండి. ఆ కెరటాలే మిమ్మల్ని తోస్తాయి. ఈత రాకపోతే తేలుతూ ఉండడమే పని. కెరటాలు విరిగే వరస దాటాక లాగుడు మామూలుగా తగ్గిపోతుంది.

మా మేనల్లుడికి ఈత బాగా వచ్చు. వాడు చేసిన తప్పల్లా తాత ట్యూబు అందించే వరకు ఒడ్డు వైపే చేతులు కొట్టడం.

5. చెరువులూ, ఏర్లూ, పడవలూ

ఛత్రపురం దగ్గర తంపర చెరువులోనో, రంభ నుంచి చిల్కాలోనో పడవెక్కితే లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ సైజు కాదు, మార్చమనండి. మధ్యాహ్నం గాలి లేస్తే చిల్కాలో కూడా కెరటాలు వస్తాయి, పొద్దున్నే వెళ్ళి రండి. డాల్ఫిన్ కనిపించిందని అందరూ ఒకే వైపు లేవకండి.

ఋషికుల్య, వంశధార లాంటి ఏర్లు వేరు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువెత్తు లోతు వచ్చేస్తుంది. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మనవాళ్ళు దీపాలు వదలడానికి, ఒడియావాళ్ళు అరటి దొప్పల పడవలు వదలడానికి చీకట్లోనే దిగుతారు. ఆ రోజు రేవు మెట్లు దాటి ఒక్క అడుగు కూడా ముందుకి వేయకండి. తెలియని నీళ్ళలోకి తలకిందులుగా ఎప్పుడూ దూకకండి.

6. ఇంకొకరు మునిగిపోతుంటే

మునిగిపోయే మనిషి చేతులు ఊపి అరుస్తాడని అనుకుంటాం. చాలాసార్లు శబ్దమే ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున మునిగి తేలుతూ, నిలువుగా ఉండిపోతాడు. మావాడు చెయ్యి ఊపగలిగాడు, అది మా అదృష్టం.

వెంటనే దూకకండి. కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ కథ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. నూలియాలని, లైఫ్‌గార్డుని కేకేయండి, 112కి ఫోన్ చేయించండి. అందేది ఏదైనా విసరండి: తాడు, ముడివేసిన చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను. ఆ మనిషి మీద నుంచి చూపు తిప్పకండి.

ఒడ్డుకి తెచ్చాక కడుపు నొక్కడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం మన ఊళ్ళలో ఇంకా చేస్తున్నారు. దయచేసి చేయనివ్వకండి. విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది గొంతుకి అడ్డం పడుతుంది. మనిషి పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి ముందు నోటితో రెండు నుంచి ఐదు సార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పెద్దవాళ్ళకైతే 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, మళ్ళీ రెండుసార్లు ఊదాలి. 108 వచ్చే వరకు, లేదా ఊపిరి వచ్చే వరకు ఇలాగే చేస్తుండాలి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, నీళ్ళు మింగి దగ్గుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం తెప్పించగలదు. మావాణ్ణి ఆ రాత్రంతా డాక్టర్లు చూస్తూ ఉంచారు. తెల్లవారుజామున నాలుగింటి దాకా దగ్గుతూనే ఉన్నాడు. ఆరింటికి ఇడ్లీ కావాలన్నాడు.