కొండ ఎక్కేకొద్దీ ఎలుకలు, చుంచులు, ఉడుతలు ఎలా మారతాయో ఇలా చూడండి

పులులు, ఎలుగుబంట్ల గురించి రాసేవాళ్లు బోలెడు మంది. చిన్న జంతువుల దగ్గరికి వచ్చేసరికి "ఎలుకే కదా" అని వదిలేస్తాం. కానీ ఒక కొండ కింది నుంచి పైదాకా జీవం ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే ఇవే సరైనవి, ఎందుకంటే ఎలుక గానీ చుంచు గానీ పెద్దగా దూరం తిరగదు, తను ఉన్న చోటి చలి, తేమ, తిండి మీదే బతుకుతుంది.

మన దగ్గర దీనికి అరకు వైపు దారి బాగుంటుంది. విశాఖ మైదానంలో మొదలుపెట్టి అనంతగిరి ఘాట్ మీదుగా గాలికొండ దాకా వెళ్తే దాదాపు సముద్రమట్టం నుంచి 1,600 మీటర్ల వరకు ఎక్కుతాం. వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది.

ముందు అనుమతి సంగతి. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుకల్ని హానికర జంతువుల జాబితాలో పెట్టేవారు, 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. పాత మాట పట్టుకుని బోనులతో అడవిలోకి వెళ్లకండి. అటవీ శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికి వచ్చాకే బోను పెట్టాలి. చదువుకునే పిల్లలైతే కాలేజీ ద్వారా వెళ్లడం తేలిక.

ఇప్పుడు అసలు పని. కొండను ఎత్తును బట్టి అంచెలుగా విడదీయండి, ప్రతి 200 మీటర్లకు ఒకటి సరిపోతుంది. అన్ని అంచెల్లోనూ ఒకే లెక్కన కష్టపడాలి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కింద రోడ్డు పక్కన వంద బోనులు పెట్టి, పైకి మోయలేక శిఖరం దగ్గర ఇరవై పెడితే, పైన జాతులు తక్కువ ఉన్నట్టు కనిపించడం కొండ వల్ల కాదు, మీ బోనుల వల్ల. అంచెకు 40 మడతబోనులు పది మీటర్ల దూరంలో వరసగా, నాలుగు రాత్రులు పెడితే 160 బోను-రాత్రులు అవుతాయి. అందులో 12 జంతువులు పడితే నూరు బోను-రాత్రులకు 7.5. అంచెల్ని పోల్చాల్సింది ఈ లెక్కతోనే. పడినదాని నడుం మీద కాస్త బొచ్చు కత్తిరించి వదిలితే మర్నాడు దాన్నే మళ్లీ లెక్కపెట్టరు.

ఎత్తుతో పాటు నేల కూడా మారుతుందని మరిచిపోవద్దు. ఒక అంచెలో పోడు చేను, ఇంకో అంచెలో సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోట, మూడో దాంట్లో గెడ్డ (వాగు) పక్కన అడవి ఉంటే, కనిపించిన తేడా ఎత్తుదో చేనుదో చెప్పలేం. అందుకే వీలైనంత వరకు ప్రతి అంచెలోనూ అడవి ముక్క ఒకటి, సాగు ముక్క ఒకటి తీసుకోండి. అన్నీ ఒకే సీజన్‌లో పూర్తి చేయండి. కింద ఎండాకాలంలో, పైన వర్షాకాలంలో చూసి పోలిస్తే అది పోలికే కాదు.

ఎరగా వేరుశనగ ముద్ద, కొబ్బరి ముక్క చాలామంది వాడతారు. చుంచులు పురుగులు తినే జాతి కాబట్టి వాటికి ఎండుచేప కలపండి, పైగా వాటి కోసం నేలలో అంచు వరకు పాతిన బకెట్లు కూడా కావాలి. అడుగున నీళ్లు పోయేలా చిల్లులు తప్పనిసరి. చుంచు కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది, కాబట్టి బకెట్లను రాత్రి కూడా చూడాలి. చలికాలంలో ఇనుప బోనులో ఎండుగడ్డి వేయకపోతే ఎలుకా బతకదు. మనం చూడడానికి వెళ్లి వాటిని చంపి రావడం నాకు అస్సలు ఇష్టం లేదు, ఇందులో అశ్రద్ధ వద్దు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది.

పట్టుకున్నదాని బరువు, ఒంటి పొడవు, తోక పొడవు, వెనక పాదం, చెవి కొలవండి. తోక చాలా చెబుతుంది. ఒంటి కంటే తోక పొడవుగా ఉంటే నల్ల ఎలుక కావచ్చు, తోక పొట్టిగా ఉండి మనిషి దగ్గరికెళ్తే గుర్రుమనేది వరి చేల పందికొక్కు కావచ్చు, తోక చివరి భాగం తెల్లగా ఉంటే అడవుల్లో, రాళ్లలో ఉండే తెల్లతోక ఎలుక కావచ్చు. చిట్టెలుకల్ని మాత్రం కంటితో చూసి తేల్చేయకండి, అక్కడ నిపుణుల సాయం కావాలి.

పగలు కూడా కళ్లు తెరిచి ఉంచండి. ఉడుతలా ఉండి, వీపు మీద చారలు లేకుండా, భుజం మీద లేత గీత, కోసుగా ముట్టె ఉంటే అది ఉడుత కాదు, మద్రాస్ ట్రీ ష్రూ అనే వేరే జంతువు. కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికినదాన్ని బట్టే ఈ జాతిని మొదట వర్ణించారు. దీన్ని ఉడుత కింద రాసేస్తే ఎంతో విలువైన సమాచారం పోయినట్టే.

అనుమతి రాకపోతే గుడ్లగూబలు ఉండే చోట కింద రాలిన ఉండల్ని చూడండి. గుడ్లగూబ జీర్ణం కాని బొచ్చు, ఎముకలు కక్కేస్తుంది. అందులో పుర్రె దొరికితే, ముందు పళ్లకూ వెనక పళ్లకూ మధ్య ఖాళీ ఉన్నది ఎలుక జాతి, చిన్న కోసు పళ్లు వరసగా ఉన్నది చుంచు.

ఫలితం చూసేటప్పుడు, పైకి వెళ్లేకొద్దీ జాతులు తగ్గుతాయని ముందే అనుకోకండి. ప్రపంచంలో చాలా కొండల మీద మధ్య ఎత్తులోనే ఎక్కువ రకాల చిన్న క్షీరదాలు దొరికాయి. కింది జాతులూ పై జాతులూ అక్కడ కలుస్తాయి. మన కొండల్లో సాగు ఎక్కువ కాబట్టి అలా కనిపించకపోవచ్చు, కనిపించకపోతే ఉన్నది ఉన్నట్టే రాయండి.

బోను పెట్టిన ప్రతి చోటుకూ జీపీఎస్, తేదీ, ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు రాసి ఉంచండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండల్లో జోసెఫ్ గ్రిన్నెల్ అనే జంతు శాస్త్రవేత్త 1914 నుంచి 1920 వరకు ఇలాగే రాశాడు. దాదాపు శతాబ్దం తర్వాత అవే చోట్లకు వెళ్లి చూస్తే, పోల్చిన 28 జాతుల్లో సగం పైకి జరిగాయి, సగటున 500 మీటర్ల దాకా. ఆయన నోట్సే లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మీ ఫోటోలు, కొలతలు జంతువులు, మొక్కల వివరాలు అందరూ పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి, ఏమీ పడని రాత్రుల లెక్క కూడా మీ నోట్‌బుక్‌లో ఉండాలి.