వానలకు ముందే బండి వెనక సొరుగులు, పడక: చేయించేవాళ్లకు జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు వైపు వానలు దంచేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎస్‌యూవీ వెనక సొరుగుల పెట్టె, దాని మీద పడక కట్టించుకోవాలనుకునేవాళ్లు ఆ పని సెప్టెంబరులోపే ముగించుకోవడం మంచిది. ముసురు పట్టిందంటే ఫెవికాల్ సరిగా ఆరదు. ప్లైవుడ్ అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి. కొలత పెట్టి కోసిన సొరుగు నెల తిరిగేసరికి లాగినా రాదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మన దగ్గర ఈ పని చేసిపెట్టేది ఇళ్లకు కప్‌బోర్డులు కొట్టే కార్పెంటర్లే. పనితనానికి లోటుండదు. కానీ కప్‌బోర్డు గోడకు ఆనుకుని కదలకుండా ఉంటుంది. బండిలో పెట్టె ఘాట్ ఎక్కుతుంది, దిగుతుంది, గుంతల్లో ఎగురుతుంది, బ్రేకు వేస్తే ముందుకు దూకుతుంది. కాబట్టి డిజైన్ మొత్తం కార్పెంటర్‌కు వదిలేయకండి. బరువెంత రావాలి, బండిలో దేనికి బిగించాలి, ఎంతసేపట్లో ఊడదీయగలగాలి అన్నవి మీరే తేల్చి కాగితం మీద రాసివ్వండి.

ముందు బరువు. 8×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కటే 33 కిలోల దాకా తూగుతుంది. 12 మి.మీ. అయితే 22 కిలోలు. 40 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు, 10 అంగుళాల ఎత్తు పెట్టె, అందులో రెండు సొరుగులు, ముందుకు పరుచుకునే పలక ఒకటి వేసుకుంటే తరుగు పోను 5.8 చదరపు మీటర్ల చెక్క పడుతుంది, అంటే మూడు షీట్లు కొనాలి. అంతా 12 మి.మీ.లో చేస్తే చెక్క బరువు 43 కిలోలు. కార్పెంటర్ ‘గట్టిగా ఉంటుంది సార్’ అని 18 మి.మీ. వేస్తే 65. ఛానళ్లు (సొరుగు జారే పట్టాలు), బోల్టులు, ఫోమ్ కలిపితే ఇంకో 17 కిలోలు. పెట్టె గట్టిదనం చెక్క మందంలో లేదు, మూలల్లో ఉంది. 12 మి.మీ. చెక్క అంచులోకి నేరుగా స్క్రూ కొడితే పొరలు విచ్చుకుంటాయి, నాలుగు గుంతలకు స్క్రూ వదులవుతుంది. లోపలి మూలల్లో 25×25×3 మి.మీ. ఎల్ ఆకారపు అల్యూమినియం యాంగిల్ పెట్టి, రెండు పలకలకూ దాన్ని బోల్టులతో పట్టించండి. చెక్క మరిగే నీటిని కూడా తట్టుకునే బీడబ్ల్యూపీ గ్రేడే, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోండి. గాలిలో తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ గ్రేడు చవక, కానీ అది తడికి పనికిరాదు.

బండి, పెట్టె, సామాను, మనుషులు అన్నిటి బరువూ కలిపి ఆర్‌సీలో రాసిన లేడెన్ వెయిట్ (నిండు బరువు) దాటకూడదు. వెనక బరువు పెరిగినప్పుడు టైర్ల గాలి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కు ఇచ్చిన అంకె ప్రకారం పెట్టించండి. వెనక కిందికి దిగితే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. లెవెలింగ్ నాబ్ ఉంటే తిప్పుకోండి.

ఇక బిగింపు. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్ది అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. లోపల ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 20 రెట్ల బలంతో ముందుకు తోస్తుంది. 60 కిలోల పెట్టెలో 40 కిలోల సామాను ఉంటే, అది వెనక సీటు వీపు మీద రెండు టన్నుల తోపుడు. నాలుగు 8.8 గ్రేడ్ ఎం8 (8 మి.మీ. మందం) గట్టి ఉక్కు బోల్టులు దీన్ని ఆపగలవు. తెగేది బోల్టు కాదు, దాన్ని పట్టుకున్న చెక్కా, బండి రేకూ. అందుకే చెక్కకు నేరుగా బోల్టు వేయకుండా 40×5 మి.మీ. ఇనుప పట్టీ అడ్డంగా వేసి, దాని మీద 40 మి.మీ. వెడల్పు వాషరు, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు బిగించాలి. మామూలు నట్టు అదురుకు దానంతటదే తిరిగి వదులవుతుంది.

బిగించేది కంపెనీ ఇచ్చిన చోట్లే. మూడో వరస సీట్లు తీసినప్పుడు మిగిలే బోల్టు రంధ్రాలు అన్నిటికంటే మంచివి. అవి బండి బలమైన చోట్లో ఉంటాయి. ఆ బోల్టుల మందం, మర పిచ్ (మరల మధ్య దూరం) చూసుకుని అదే కొలత కొనండి. కొంచెం తేడా ఉన్నదాన్ని బలవంతంగా తిప్పితే రంధ్రం మర అరిగిపోతుంది. సామాను కట్టుకునే కొక్కేలు తోడుగా పనికొస్తాయి గానీ, వాటి మీదే ఆధారపడకండి. ఫ్లోరుకు కొత్తగా డ్రిల్ వేయనే వద్దు. కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఉంటాయి. వేసిన చోటల్లా తుప్పు మొదలవుతుంది.

కొలతలు తీసేముందు డిక్కీ ఖాళీ చేసి అడుగు కార్పెట్ లేపి చూడండి. చాలా బండ్లలో స్టెప్నీ కింద వేలాడుతుంది, దాన్ని దించే రాడ్డు దూర్చే రంధ్రం డిక్కీ వైపు ఉంటుంది. జాకీ పక్క ప్యానెల్లో దాక్కుని ఉంటుంది. టెయిల్ లైటు బల్బు మార్చే మూతలు, రియర్ ఏసీ గాలి దారులు, పక్క ట్రిమ్ వెనకున్న గాలి బయటికి పోయే కంతలు, ఇవన్నీ పెట్టె కట్టాక కూడా చేతికి అందాలి, మూసుకుపోకూడదు. రాత్రి పదకొండుకు భాకరాపేట ఘాట్‌లో పంక్చరైతే, స్టెప్నీ కోసం పడక మొత్తం ఊడదీయాల్సిన పని పడకూడదు.

సొరుగు విషయానికి వద్దాం. వంటింట్లో వాడే 45 మి.మీ. టెలిస్కోపిక్ ఛానల్‌కు పక్కకు 13 మి.మీ. చొప్పున మొత్తం 26 మి.మీ. ఖాళీ కావాలి. ఒక్క నూలు తక్కువైతే ఛానల్ బిగుసుకుంటుంది, ఎక్కువైతే దాని లోపలి ఉక్కు బాల్స్ రాలిపోతాయి. ఆ ఛానళ్ల మీద రాసే 35, 45 కిలోల లెక్క ఇంట్లో నిలకడగా ఉండే బరువుకు. గుంతల దారిలో అందులో సగమే నమ్మండి. 34 అంగుళాల సొరుగుకు 20 అంగుళాల ఛానల్ వేస్తే వెనకున్న సామాను చేతికందదు. మా లెక్కలో, సొరుగులో పెట్టేది 20 కిలోలు దాటనప్పుడు ఛానలే అక్కర్లేదు. అడుగున రెండు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పట్టీలు వేసి, మైనం రుద్దితే చాలు, బాల్స్ గొడవ ఉండదు, బరువూ తగ్గుతుంది. కానీ అలా చేసినప్పుడు సొరుగు మూడో వంతు ఎప్పుడూ లోపలే ఉండేలా వెనక అడ్డు చెక్క పెట్టాలి. లేకుంటే బయటికి లాగగానే ముందుకు తూలి పాదాల మీద పడుతుంది.

తాళం గురించి కూడా రాసివ్వాలి. సొరుగులు వెనక్కి తెరుచుకుంటాయి కదా. తిరుమల ఎక్కేటప్పుడు రెండో ఘాట్ రోడ్డు పొడవునా వాటి బరువు డిక్కీ తలుపు మీదే ఆనుతుంది. పైన ఏటవాలులో ఆపి డిక్కీ తీయగానే సొరుగు దానంతటదే జారి మోకాళ్లకు తగులుతుంది. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది: 1944లో తెరిచిన మొదటి ఘాట్‌లో 36 మలుపులు, బరువంతా ముందుకు, పక్కలకు కొడుతూ ఉంటుంది. అందుకని ప్రతి సొరుగుకూ లాచ్ ఒకటి, దానికి తోడు టవర్ బోల్టు ఒకటి ఉండాలి. అయస్కాంతం క్యాచ్‌లు పనికిరావు. పెట్టె ముందు పలక, అంటే సీటు వైపుది, మేకులతో కాకుండా యాంగిల్‌తోనే పట్టించాలి.

పడక పలక పియానో హింజ్‌తో (అంచు పొడవునా ఉండే బందుతో) మడిచేదైతే సులువు. విప్పినప్పుడు దాని ముందు అంచు సీటు వీపు మీద ఆనకూడదు, కింద ఫ్లోరు మీద నిలిచే కాళ్లుండాలి. మనిషి బరువుకు సీటు మడత లాక్ చెడిపోతుంది. బండి నడుస్తున్నప్పుడు పలక మడిచి గడియ వేసి ఉండాలి. గడియ లేని పలక బ్రేకు కొట్టగానే వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మెడ మీదికొస్తుంది. కొలతల్లో మరిచేది ఎత్తు. 10 అంగుళాల పెట్టె మీద 2 అంగుళాల ఫోమ్ వేశాక, పైన కప్పుకు 36 అంగుళాలైనా లేకుంటే కూర్చుని చొక్కా కూడా మార్చుకోలేరు. పొడవు 6 అడుగులు రావాలి, ముందు సీట్లు పూర్తిగా ముందుకు జరిపాక కొలవండి.

కొండకు పోయే కుటుంబాల్లో తెల్లవారుజామున బయల్దేరి, పిల్లల్ని వెనక పడక మీద నిద్రపుచ్చడం మామూలైపోయింది. బండి కదులుతుండగా ఆ పడక మీద ఎవ్వరూ ఉండకూడదు, పసిపిల్లలైనా సరే. అక్కడ బెల్టు లేదు, వీపు లేదు, పక్కన గాజు.

వానకాలంలో తడి పంచెలు, చెప్పులు, గొడుగులు అన్నీ అక్కడికే చేరతాయి. పెట్టె అడుగు ఫ్లోరుకు ఆనకుండా కింద 8 మి.మీ. రబ్బరు ముక్కలు వేయండి, గాలి ఆడుతుంది. కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రం లోపలికీ పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ రెండు సార్లు పడాలి. మైకా పైన అంటించి అంచులు వదిలేస్తే నీళ్లు పోయే దారి అదే. ఫోమ్ కింద పలకకు అక్కడక్కడా 40 మి.మీ. రంధ్రాలు కొట్టిస్తే ఒంటి చెమట కింద నిలవదు. జనవరిలో ఒకసారి మొత్తం బయటికి తీసి కార్పెట్ ఎండబెట్టాలి. ఇద్దరు మనుషులు, ఒక స్పానరు, అరగంటలో ఊడేలా ఉంటేనే ఈ పని చేస్తారు, లేకుంటే వాయిదా పడిపోతుంది.

ఊడదీయగలగడం ఇంకో రెండు చోట్ల అక్కరకొస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కోత, వెల్డింగ్ ఏదీ పెట్టుకోకండి. సీట్లు తీస్తే భద్రంగా ఉంచి, ఆర్‌టీఓ కార్యాలయంలో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి తెలుసుకోండి. రెండోది తనిఖీలు. అలిపిరి దగ్గర సామానంతా చూస్తారు. శేషాచలం చుట్టుపక్కల ఎర్రచందనం కోసం బండ్లు ఆపుతారు. వెనక చెక్క పెట్టె, దానికి రహస్య అర ఉందంటే ఎవరికైనా అనుమానం రాకమానదు. పెట్టెకు అడుగు పలక కింద ఇంకో అడుగు పలక వేయడం, దొంగ అర పెట్టించడం వద్దు. ప్రతి మూత నిమిషంలో తెరుచుకోవాలి. ప్లైవుడ్ బిల్లు ఫొటో ఫోన్లో ఉంచుకోండి.

పడుకునేటప్పుడు ఇంజన్ ఆపాలి. ఏసీ కోసం ఇంజన్ నడుపుతూ నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరినా వాసన తెలియదు, మెలకువ రాదు. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల సందు దించి దోమతెర వేసుకోండి. లోపల స్టవ్ వెలిగించవద్దు. ఎండాకాలంలో గ్యాస్ డబ్బాలు, పవర్ బ్యాంకులు మూసిన సొరుగులో వదిలిపోవద్దు.

చోటు విషయంలో వానరోజుల్లో రాజీ పడకండి. 2021 నవంబరు వరదలు, ఆ డిసెంబరు 1న రెండో ఘాట్‌లో విరిగిపడ్డ కొండచరియలు ఇక్కడివాళ్లకు గుర్తే. కొండ వాలు కింద, వంకలో, చెరువు మొరవ కింది పల్లంలో బండి పెట్టి పడుకోకూడదు. పైన ఎక్కడో కురిసిన వాన తలకోన వైపు వంకల్లోకి మీకు చినుకు పడకుండానే దిగొచ్చు. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి. అక్కడ రాత్రి ఆగడమే వద్దు. పనస, అరటి, బెల్లం సొరుగులో ఉంటే మరీ వద్దు.

అన్నీ అయ్యాక ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక పరీక్ష చేయండి. ఒక్కో సొరుగులో 20 కిలోల బియ్యం పెట్టి, ప్రతి బోల్టు తల మీదుగా పట్టీ దాకా మార్కర్‌తో గీత గీయండి. గంటకు 30 కి.మీ. వేగంలో గట్టిగా బ్రేకు వేయండి, మూడుసార్లు. గీత విరిగి కనిపించిన బోల్టును మళ్లీ బిగిస్తే సరిపోదు, దాని కింద చెక్క నలిగిందేమో వాషరు తీసి చూడాలి. నలిగితే పెద్ద పట్టీ వేయాలి. 100 కి.మీ. తిరిగాక ఇంకోసారి ఆ గీతలే చూసుకోండి.